కాంటెస్సా కొనేముందు జేబులో అయస్కాంతం పెట్టుకోండి

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. బండి హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా క్లాసిక్ 1.8 జీఎల్, 1994 మోడల్, పెట్రోలు, ముదురు మెరూన్ రంగు, ఏపీ 27 నంబరు. కొని పది నెలలైంది, నాలుగు వేల కిలోమీటర్ల పైనే తిప్పాను, నెల్లూరు ఎండాకాలం చూసింది, నవంబరు వానలూ చూసింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా. కొన్న వారానికే రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని, మే నెలలో రాసుంటే అర కూడా ఇచ్చేదాన్ని కాదు.

నాకు 19 ఏళ్లు, మెకానికల్‌లో డిప్లొమా అయింది. మా మామయ్యకు ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉంది. పదో తరగతి సెలవుల నుంచి నా ఆదివారాలన్నీ అక్కడే. మొదట్లో టీలు తెచ్చిపెట్టేదాన్ని, తర్వాత వాటర్ పేపర్ పట్టడం నేర్చుకున్నా, ఇప్పుడు చిన్న చిన్న సొట్టలు నేనే లాగుతా. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈ రివ్యూలో ఇంజన్ గురించి తక్కువ ఉంటుంది, రేకు గురించి ఎక్కువ ఉంటుంది. కాంటెస్సా చూడటానికి వెళ్లినవాళ్లంతా బానెట్ ఎత్తించి, స్టార్ట్ చేయించి, శబ్దం విని మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చా. ఇంజన్ చెడితే ఒకసారి డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు, రేకు కుళ్లితే మాత్రం చేయించేకొద్దీ చేయించాల్సిందే.

అసలు నాకు కావాల్సింది కాంటెస్సా కాదు, నిజం చెప్పాలంటే. ఫోన్లో అమెరికా మజిల్ కార్ల వీడియోలు చూసి చూసి పిచ్చెక్కింది, ముఖ్యంగా ఆ పాత డాడ్జ్ చార్జర్. 1964లో పాంటియాక్ వాళ్లు జీటీవో అని, మామూలు సైజు కారులో 6.4 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కుక్కి, 325 హార్స్‌పవర్‌తో, కుర్రాళ్లు కూడా కొనగలిగే ధరకు వదిలారు, ఈ మజిల్ కార్ల గోలంతా గట్టిగా మొదలైంది దాంతోనే. అదే ఏడాది ఏప్రిల్లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది, 1966లో చార్జర్, వెనకాలే కమారో. 1973లో ఆయిల్ సంక్షోభం వచ్చేదాకా అక్కడి కుర్రాళ్లకు రోజూ పండగే. ఇక్కడ నా పరిస్థితి చూడండి. 2016లో ఫోర్డ్ వాళ్లు మస్టాంగ్‌ని మన దేశంలో అమ్మడం మొదలుపెట్టినప్పుడు దాని ధర 65 లక్షలు. వేదాయపాళెంలో మా ఇల్లు అమ్మినా స్టీరింగూ రెండు చక్రాలూ వస్తాయేమో. పోనీ పాతది ఓడలో తెప్పించుకుందామా అంటే స్టీరింగ్ ఎడమ పక్కన, ఆపైన కస్టమ్స్. రైసు మిల్లు గుమస్తా కూతురికి అయ్యే పనేనా.

"నీకు అట్టాంటి బండే కావాలంటే మనూళ్లలో ఒకటే ఉండాది మే, కాంటెస్సా" అన్నాడు మామయ్య ఒక రోజు సొట్టలు పూడ్చే లప్పం కలుపుతూ. అప్పుడు వెతికి చదివితే తెలిసింది, ఇది గాలి మాట కాదు. కాంటెస్సాకి మూలం ఇంగ్లండులో 1972లో వచ్చిన వాక్స్‌హాల్ విక్టర్. ఆ వాక్స్‌హాల్ కంపెనీ 1925 నుంచి 2017 దాకా అమెరికా జనరల్ మోటార్స్ వాళ్ల చేతిలో ఉండేది, పాంటియాక్, షెవర్లే కూడా వాళ్లవే. అంటే మన కాంటెస్సా ఆ జమీందారు ఇంటికి దాయాది బిడ్డ అన్నమాట. పొడవాటి బానెట్, నేలకు దగ్గరగా కూర్చున్న నడుము, నాలుగున్నర మీటర్ల పైన పొడుగు, వెనక చక్రాలు తోసే బండి. ఇంగ్లండులో తయారీ ఆగిపోయాక ఆ డిజైను బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీకి వచ్చింది, 1984 నుంచి 2002 దాకా అక్కడ చేశారు.

ఒకే ఒక తిరకాసు. ఇంత ఒంటికి మొదట్లో పెట్టింది అంబాసిడర్ ఇంజనే, 1489 సీసీ, ఏదో యాభై గుర్రాలు. ఒళ్లు పహిల్వాన్‌ది, గుండె గుమస్తాది. (ఈ మాట మా నాన్న ముందు అన్లేను.) ఎనభైల చివర్లో జపాన్ ఇసుజు వాళ్ల 1817 సీసీ పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు వచ్చాక గానీ దానికి ఊపిరి ఆడలేదు, శక్తి ఎనభై గుర్రాలు దాటింది. ఆ తర్వాత ఇసుజు డీజిలూ వచ్చింది. మీరు వెతుకుతుంటే 1.8 పెట్రోలే వెతకండి, మిగతావి ఎవరికైనా వదిలేయండి.

కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తే కోరుకునేవాళ్లు తీసుకునే పండగ ఒకటుంది మా నెల్లూరులో, 2024 జులైలో ఆ రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లి, చుట్టూ అందరూ చదువు రొట్టె, పెళ్లి రొట్టె అంటుంటే నేను మాత్రం "వాహనం రొట్టె ఎవరి దగ్గర ఉంది" అని నీళ్లలో దిగి అరిచి మరీ తీసుకున్నా. ఇచ్చినాయన స్కూటీ కొనుక్కున్నాట్ట. సరే, చక్రాలైతే ఉన్నాయి కదా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అమ్మమ్మ నా పేరు మీద వేసిన డిపాజిట్ 1 లక్షా 40 వేలు, షెడ్డులో పోగేసింది 35 వేలు. అమ్మమ్మ అది నా పెళ్లికని వేసింది, ఆ గొడవ ఇక్కడ వద్దు. నాన్న ఒకటే పట్టు పట్టాడు, 18 నిండి లైసెన్సు చేతికొచ్చేదాకా బండి ఇంటికి రాకూడదని. 2019లో చట్టం మార్చారు కదా, మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకు 25 వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఆర్సీ ఏడాది రద్దు, పిల్లకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు. ఆ కాగితం ప్రింటు తీయించి ఫ్రిజ్‌కి అంటించాడు. అక్టోబర్లో నాకు 18 నిండాయి, ఎల్లెల్లార్ తీసుకుని, డిసెంబరుకి లైసెన్సు తెచ్చుకున్నా. ఈలోపు చూడటానికి ఎవరూ అడ్డు రాలేదు.

మొదటి బండి మినీ బైపాస్ పక్కన పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర. నల్లగా, అద్దంలా నిగనిగ, కొత్త సీటు కవర్లు, 2 లక్షల 60 వేలు చెప్పాడు. సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంది, సైలెన్సర్ నుంచి పొగ లేదు. నేను కాలేజీ నుంచి ఒక్కదాన్నే వెళ్లా, ఆగలేక 5 వేలు ఫోన్లో కొట్టేసి, బేరం తర్వాత చూద్దాం అనుకున్నా. సాయంత్రం మామయ్యను తీసుకెళ్తే ఆయన బానెట్ ముట్టుకోలేదు. పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది, దాన్ని గీతలు పడకుండా చేతిరుమాల్లో చుట్టి, డోర్ల కింద అంచు పొడవునా, వెనక చక్రాల పైన ఆర్చి చుట్టూ, డిక్కీ మూల దగ్గర ఆనించుకుంటూ పోయాడు. పైన టాపు మీద టప్‌మని అంటుకున్న అయస్కాంతం కింద ఎక్కడ పెట్టినా జారిపోతోంది. అంటే ఉన్నది రేకు కాదు, లప్పం. అమ్మే ఆయన నావైపు చూసి "పాపా, కారు కొనేదానికొచ్చారా సైన్సు ప్రయోగానికొచ్చారా, ఇంట్లో మగపిల్లోళ్లు లేరా" అన్నాడు. మామయ్య రుమాలు మడిచి జేబులో పెట్టుకుని "దీన్ని కారు రేటుకి కాదన్నా అమ్మాల్సింది, సున్నం రేటుకి" అని స్కూటర్ ఎక్కాడు. నా 5 వేలు మూడు వారాలు తిప్పించుకుని 3 వేలు ఇచ్చాడు ఆ మనిషి. మిగతా 2 వేలు ఫీజు అనుకున్నా, ఎందుకంటే ఆ రోజు నుంచి ఆ అయస్కాంతం నా బ్యాగులో ఉంది.

రెండోది ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటల దగ్గర, 70 వేలకే. మోటారు షెడ్డులో ఆరేళ్లుగా నిలబడి ఉంది. పక్కనే గుంటలో ఏరియేటర్లు రాత్రీ పగలూ ఉప్పునీళ్లు చిమ్ముతున్నాయి. డ్రైవర్ సీటు కింద మ్యాటు ఎత్తితే నేల కనిపించింది, నేల మీద పీత కూడా కనిపించింది. ఆ రైతు మంచివాడు, "మోసపోవద్దమ్మాయ్, దీంట్లో ఏమీ లేదు, ఇనప సామాన్లోడు బేరానికొస్తే ఇచ్చేస్తా" అని చెప్పి కిలో రొయ్యలు పొట్లం కట్టి ఇచ్చాడు. ఇన్ని నెలల వెతుకులాటలో దమ్మిడీ ఖర్చు లేకుండా ఇంటికి ఏదైనా తెచ్చింది ఆ ఒక్కరోజే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి రేకు సంగతి చెప్తా, ఇది మన తీరం వాళ్లకి చాలా అవసరం. కారు తుప్పు పైనుంచి రాదు, లోపలి నుంచి వస్తుంది. అద్దాల చుట్టూ, డోర్ల చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు పాతబడి గట్టిపడితే వాననీళ్లు లోపలికి జారతాయి, కార్పెట్టు కింద చేరి అక్కడే ఉండిపోతాయి. డోర్ అడుగున నీళ్లు పోవడానికి చిన్న బెజ్జాలు ఉంటాయి, ఆకులూ దుమ్మూ పట్టి అవి మూసుకుపోతే డోరే తొట్టి అయిపోతుంది. దానికి ఉప్పుగాలి తోడైతే చెప్పక్కర్లేదు. బయట రంగు చెక్కు చెదరకుండా ఉంటుంది, లోపల రేకు బిస్కెట్లా అయిపోయి ఉంటుంది. కాబట్టి వెళ్లగానే చూడాల్సినవి ఏంటంటే డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంట, ముందు అద్దం కింద రెండు మూలలు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్టు కింద, డోర్ల కింది అంచు, జాకీ పెట్టే చోటు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు గంటలా ఖంగుమంటుంది, లప్పం ఉన్నచోట మొద్దుగా మట్టికుండని తట్టినట్టు వినిపిస్తుంది. అమ్మేవాళ్లు ముఖం మాడ్చుకుంటే పట్టించుకోకండి, ముఖం మాడిందంటే మీరు సరైన చోటే తడుతున్నారని.

మూడో బండి గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కడుపులో ఏదోలా ఉంటుంది. సైదాపురం వైపు, అబ్రకం గనులు నడిచిన రోజుల్లో బాగా బతికిన ఇల్లు. 1986 బండి, మీగడ రంగు, మొదటి రకం 1.5 ఇంజన్. మిద్దె పక్కన పెంకుల చావిట్లో, కింద ఇటుకలు పేర్చి, టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా పైకి లేపి, మీద పాత దుప్పటి కప్పి పెట్టారు. అయస్కాంతం ఎక్కడ పెట్టినా అంటుకుంటోంది. స్టెప్నీ గుంటలో కంపెనీ రంగు అలాగే ఉంది, మామయ్య ఆ గుంటలోకి టార్చి వేసి చాలాసేపు మాట్లాడలేదు, గుళ్లో నిలబడినట్టు నిలబడిపోయాడు. ఎండు నేల, పైకప్పు ఉన్న చావిడి, సముద్రానికి దూరం, అంతే తేడా.

ఇంతలో లోపల్నుంచి అవ్వ వచ్చింది, మజ్జిగ గ్లాసులతో. మేము ఎవరిమో ఆమెకు తెలియదు. ప్రకటన పెట్టింది హైదరాబాదులో ఉండే మనవడు, ఆమెకు చెప్పకుండానే. "దీన్ని అమ్మేది ఎవరు?" అంది, కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు. ఆయన ఉన్నప్పుడు దీంట్లోనే మద్రాసు పోయి వచ్చేవాళ్లట, వెనక సీట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో మంచం మీద ఉన్నట్టే ఉండేదట. "వచ్చినోళ్లందరూ ఇంజన్ తీసేసి ఇంకోటి పెట్టుకుంటాం అంటుండారు. దుడ్లు ఇస్తాం అంటుండారు. దుడ్లు నేనేం చేసుకునేది?" అంది. నేనూ లోపల అదే అనుకుంటూ ఉన్నా, యాభై గుర్రాల ఇంజన్ మార్చేద్దామని. బయటికి అన్లేదు. మామయ్య వ్యాన్ బ్యాటరీ నుంచి వైరు వేసి ఒకసారి స్టార్ట్ చేసి చూపించాడు, అచ్చం అంబాసిడర్ గొంతు, అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. కార్బొరేటర్ శుభ్రం చేసి, ఇటుకలు సరిచేసి, దుప్పటి మళ్లీ కప్పి వచ్చేశాం. డబ్బులు ఇవ్వబోతే మామయ్య తీసుకోలేదు. దార్లో "అడగాల్సింది అవ్వని, ఇంకోసారి" అన్నా, "అడగాల్సింది నన్ను కాదు, నీ మనసునడుగు, ఆ ఇంజన్ ఉంచుతావా?" అన్నాడు, నేను కిటికీలోంచి బయటికి చూశా.

నాలుగోది చెన్నైలో. పొద్దున రైలుకి వెళ్లి చూస్తే బానెట్ కింద క్వాలిస్ డీజిల్ ఇంజన్ కూర్చుని ఉంది, ఆర్సీలో మాత్రం పెట్రోలు, ఇంజన్ నంబరు కలవదు. అలాంటి బండిని తాకకండి, రేపు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా ఆర్టీవో దగ్గరా మీరే నిలబడాలి. పైగా తమిళనాడు బండి తెస్తే ఎన్‌వోసీ, మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్సు. ఖాళీ చేతులతో రావడం ఎందుకని పాత బళ్ల సామాన్లు అమ్మే పుదుపేట మొత్తం నడిచా, అది తర్వాత పనికొచ్చింది.

ఐదోది చీమకుర్తిలో దొరికింది. ఫిబ్రవరి, ఆదివారం. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద వెళ్తుంటే గ్రానైటు లారీలు తప్ప ఏమీ కనపడవు. ఒక పాలిషింగ్ యూనిట్ ఆవరణలో, గెలాక్సీ పలకల వరసల వెనక, టార్పాలిన్ కింద ఉంది. తొంభైల్లో గ్రానైటు ఊపు మీద ఉన్నప్పుడు వాళ్ల నాన్న కొత్తగా కొన్నాడట, ఆయన పోయాక కొడుకు పెద్ద పెద్ద బళ్లు కొన్నాడు, దీనికి చోటు లేదు. టార్పాలిన్ తీస్తే రాతి పొడి మేఘంలా లేచింది, కింద మెరూన్ రంగు. దుమ్ము ఎంత ఉన్నా రేకుని ఏమీ చేయలేదు, ఉప్పే చేస్తుంది.

అరగంట అయస్కాంతం ఆడించాం. స్టెప్నీ గుంటలో అరచేయంత తుప్పు, ముందు ఎడమ డోర్ కింద జానెడు. అంతే. మిగతాదంతా కంపెనీ రేకు. అప్పుడు స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఆవరణంతా అగరొత్తులు వెలిగించినట్టు. పిస్టన్ రింగులు పోయాయి, ఆయిలు తాగుతోంది. ఓనరు ముఖం పడిపోయింది, అంతకుముందు వచ్చిన ఇద్దరు ఈ పొగ చూసే వెళ్లిపోయారట. మామయ్య నా కాలు తొక్కాడు, నవ్వొద్దని. 2 లక్షల 20 వేలు చెప్పినాయన 1 లక్షా 68 వేలకు దిగాడు. నేను ఈ మొత్తం రివ్యూలో చెప్పాలనుకున్నది ఆ పొగలోనే ఉంది, అందరూ భయపడి పారిపోయేది ఇంజన్ జబ్బుకి, దానికి మందుంది.

బేరమంతా ఆయన మామయ్యతోనే మాట్లాడాడు, డబ్బులు నావని చెప్పాక నావైపు తిరిగి "అమ్మాయా, నువ్వే నడుపుతావా దీన్ని?" అన్నాడు. పలకల మధ్య నుంచి వెనక్కి తీసి గేటు బయట పెట్టా. అటో జానెడు ఇటో జానెడు, చెమటతో చేతులు జారాయి, గీత పడలేదు. ఆయన ఇంట్లోకి వెళ్లి వాళ్ల నాన్న వాడిన తాళంచెవి గుత్తి, తోలుది, తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి రావడం ఒక కథ. ఫాస్టాగ్ లేదు, టంగుటూరు టోలు దగ్గర డబుల్ కట్టాం, ముసునూరు దగ్గర మళ్లీ డబుల్. సింగరాయకొండ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేచి కూర్చుంది, రోడ్డు పక్కన ఆపి, చల్లారేదాకా రెండు టీలు తాగి, నీళ్లు పోసి బయల్దేరాం. కావలి దాటాక నేను తీసుకున్నా. ఐదో గేర్లో 80 మీద హైవే ఎక్కి సాగిపోతుంటే, ఆ పొడవాటి బానెట్ ముందు ఎండలో మెరుస్తుంటే, కోవూరు వచ్చేదాకా మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ఇక నడిపిన అనుభవం. సీట్లు ఐదుకి ఐదు, సోఫాలే. హైవే మీద 80, 90 దాకా హాయి, గుంటలు తెలియవు. ఊళ్లో మాత్రం నరకం. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, మద్రాస్ బస్టాండ్ దగ్గర యూటర్న్ తిప్పితే భుజాలు నొప్పి పుడతాయి, ట్రంకు రోడ్డులో పార్కింగ్ అనే మాటే మర్చిపోండి. బ్రేకు కాలితో కాదు, మనసుతో తొక్కాలి, అంటే ముందున్న ఆటో ఆగుతుందని వాడికి తెలియక ముందే మనకి తెలియాలి. మైలేజీ ఊళ్లో ఎనిమిది, బయట పదకొండు దాకా, మన దగ్గర పెట్రోలు లీటరు 110 రూపాయల దరిదాపు, లెక్క మీరే వేసుకోండి. ఏసీ ఉంది, ఉన్నట్టు మీట ఉంది.

మజిల్ కారేనా అంటే, కండ కనిపిస్తుంది గానీ పరుగు లేదు. సిగ్నల్ దగ్గర మా ఫ్రెండు చిన్న కారు నన్ను దాటేసి వెళ్లి అవతల టీ తాగుతుంటుంది. స్పీడు కోసం అయితే ఇది కొనకండి, నిజంగా. కానీ ఎక్కడ ఆపినా అరవై దాటిన పెద్దాయన ఒకరు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి "ఎంత కాలమైంది చూసి" అంటారు, ఆ తర్వాత పావుగంట పోతుంది. ట్యూషన్‌కి ఆలస్యమైందని చెప్పినా వదలరు.

రిపేర్లు. ఇక్కడే మే నెల వస్తుంది. రింగులు, వాల్వులు, హెడ్డు పని ఊళ్లో ఒక మెకానిక్‌కి ఇచ్చా, పేరు చెప్పను, 38 వేలు అయింది. ఆయన హెడ్డు బోల్టులు బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేకుండా చేతి అందాజుకి బిగించాడు, ఎండాకాలం మొదలవగానే గ్యాస్కెట్ పోయింది, నీళ్లు ఆయిల్లో కలిసి డిప్‌స్టిక్ తీస్తే టీలో మీగడలా ఉంది. అడిగితే "పాత బండి మేడం, అట్టానే ఉంటాది" అన్నాడు. హెడ్డు వంగింది, లేతు మీద ఫేసింగ్ చేయించి, అంబాసిడర్లు చేసి చేసి తల నెరిసిన మేస్త్రి ఒకాయన చేత మళ్లీ ఎక్కించా, ఆయన బోల్టులు వరస ప్రకారం మూడు దఫాలుగా బిగిస్తుంటే పక్కన కూర్చుని రాసుకున్నా. రేడియేటర్ కోరు మార్చడానికి ఇంకో ఆరున్నర వేలు. అప్పటి నుంచి ముల్లు సగం దాటలేదు. ఆ రెండోసారి ఖర్చుకి నాన్న దగ్గర అప్పు చేశా, నెలకి రెండు వేలు తీరుస్తున్నా.

స్పేర్లు దొరకవని అందరూ భయపెడతారు, ఇంజన్ వరకు అది పూర్తిగా నిజం కాదు. ఇదే ఇసుజు 1.8 ఇంజన్‌ని తర్వాత అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో కూడా పెట్టారు, కాబట్టి అంబాసిడర్ సామాన్లు అమ్మే పాత షాపుల్లో "ఐఎస్‌జెడ్" అని అడగండి, కాంటెస్సా అని అడిగితే ముందు రేటు పెరుగుతుంది, తర్వాత లేదంటారు. వాటర్ పంపు, గ్యాస్కెట్ సెట్టు పుదుపేటలో అలాగే పట్టుకొచ్చా. దొరకనివి అద్దాలు, బీడింగులు, బంపరు చివరలు. మళ్లీ అదే మాట, ఒంటి మీదున్నవి సరిగ్గా ఉన్న బండే కొనండి.

కాగితాలు తొందరగా చెప్పేస్తా. బండి మన పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద ఓనరు సంతకాలు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి. సొంత కారు ఆర్సీ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. నాది 1994 బండి, 2009, 2014, 2019, 2024 అన్నీ సక్రమంగా చేయించి ఉన్నాయి, అందుకే ఆ ఓనర్ల మీద నాకు గౌరవం. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 10 వేలు చేశారు, బేరంలో అది కూడా లెక్కేసుకోండి. వింటేజ్ నంబరు వస్తుందా అని ఒకరు అడిగారు, రాదు, 50 ఏళ్లు దాటాలి, నా బండికి 2044లో వస్తుంది, అప్పటికి నాకు 38.

మైపాడు బీచికి తీసుకెళ్లొద్దని మామయ్య ఒట్టు వేయించుకున్నాడు. ఒక్కసారి వెళ్లా, ఈ జులైలో, రొట్టెల పండగలో రొట్టె ఇచ్చిన మర్నాడు. ఇసకలోకి కూడా దింపలేదు, రోడ్డు మీదే ఆపా. తిరిగొచ్చాక షెడ్డులో ఎవరూ లేనప్పుడు జాకీ ఎత్తి గంటన్నర మంచినీళ్లతో కింద కడిగా. సోమవారం ఆయన చక్రం ఆర్చిలో వేలు పెట్టి నాలుక మీద పెట్టుకుని నావైపు చూశాడు. ఏమీ అన్లేదు, ఆ రోజు మూడు కార్లకి లప్పం రుద్దించాడు నా చేత.

ఇప్పటికి మిగిలింది ఒకటే, వెనక ఎడమ డోర్ బీడింగ్. ఐదుకి పోయిన ఒకటిన్నరలో అర దానిదే. చెన్నైలో లేదు, విజయవాడ ఆటోనగర్‌లో లేదు, వేరే కార్ల రబ్బరు కోసి అతికిస్తే డోర్ పడటం లేదు. నవంబరు వానల్లో సరిగ్గా ఆ సీటు మీదే చుక్క చుక్క కారింది. నాన్న ముందు సీట్లో కూర్చోడు, నా బ్రేకులంటే భయం. వెనక ఎడమ వైపే కూర్చుంటాడు, టిఫిన్ క్యారియర్ మూత ఒళ్లో పెట్టుకుని, నిండగానే కిటికీ దించి పారబోస్తుంటాడు. ఒంగోలు నుంచి సూళ్లూరుపేట దాకా ఎవరింట్లోనైనా పనికిరాని కాంటెస్సా డోర్ ఉంటే చెప్పండి, డోర్ అక్కర్లేదు, రబ్బరు చాలు, నేనే వచ్చి ఊడదీసుకుంటా.